జాబితాలో లేని రింగు

మా వదినకు భయం కొత్త కాదు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తుంది. బస్టాపు దాకా వెళ్ళాక గ్యాస్ కట్టేశానా లేదా అని మా అన్నయ్యకు ఫోన్ చేస్తుంది. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు కూర్చున్నాక ఫోనెత్తడు. ఎత్తడని ఆమెకూ తెలుసు, అయినా చేస్తుంది. అది మోగి మోగి ఆగిపోయాక నాకు చేస్తుంది. నా డ్యూటీ ఆమె కంటే గంట ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి నేనింకా ఇంట్లోనే ఉంటాను. ఒకసారి వంటింట్లోకి వెళ్ళి చూడమంటుంది. చూశాను, కట్టే ఉందంటాను. "కంటితో చూశావా, చేత్తో తిప్పి చూశావా?" అని అడుగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. నేను కంటితో కూడా చూడకుండా, పక్క మీది నుంచి లేవకుండా, చేత్తోనే చూశానని చెప్పిన రోజులు బోలెడున్నాయి. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మేమిద్దరం పని చేసేది విమానాల షెడ్డులో. ప్రయాణాల మధ్య ఆగిన విమానాల ఇంజిన్లు అక్కడ విప్పి చూస్తారు, తుడుస్తారు, మళ్ళీ మూస్తారు. వదిన అందులో ఒక్క మేకు కూడా ముట్టదు. ఆమె పని కార్డులు రాయడం. ఏ విమానానికి ఈ రోజు ఏమేం చేయాలో వరసగా టైపు చేసి, ఒక్కో పనికి ఒక్కో గడి వదిలి, మెకానిక్కులకు ఇస్తుంది. వాళ్ళు పని చేసి గడిలో సంతకం పెడతారు. నేను స్టోర్సులో కౌంటరు వెనక కూర్చుని బోల్టులూ రింగులూ ఫిల్టర్లూ ఇచ్చే మనిషిని. ఉద్యోగం వదినే ఇప్పించింది. ఆ మాట నేను మరిచిపోతానేమోనని నెలకోసారి గుర్తు చేస్తుంది.

షెడ్డులో ఆమెను పొడి అక్షరాల అక్క అంటారు. పేరు పెట్టి పిలిచే వాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె చేరిన రోజు టేబుల్ మీద పెట్టిన కాగితంలో మనిషి చదవగలిగే మాట ఒక్కటీ లేదట. ఎన్ వన్, ఎన్ టూ, ఈజీటీ, ఐడీజీ, ఫాడెక్, ఎమ్‌సీడీ. పక్కవాణ్ణి ఈజీటీ అంటే ఏమిటని అడిగితే, ఈజీటీ అంటే ఈజీటీయే, టైపు చెయ్యమ్మా అన్నాడట. ఇంకొకడు తనకూ తెలియదని, తెలియకుండానే ఎనిమిదేళ్ళు గడిచిపోయాయని ధైర్యం చెప్పాడట. వదినకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలియని అక్షరం ఒకటి తప్పు కొడితే ఏమవుతుందోనని. అర్థం తెలిస్తే తప్పు కంటికి ఆనుతుంది, తెలియకపోతే తప్పూ ఒప్పూ ఒక్కలాగే ఉంటాయి అంటుంది ఇప్పటికీ.

అడిగితే విసుక్కోకుండా చెప్పిన వాడు ఒక్కడే, పెద్దాయన. అప్పటికే షెడ్డులో అందరికంటే సీనియరు మెకానిక్కు. వదిన ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. లంచ్ డబ్బా పట్టుకుని ఆమె టేబుల్ దగ్గరకొచ్చి కూర్చునేవాడు. మాటలు తక్కువ, చేతులెక్కువ. ఈజీటీ అంటే ఇంజిన్ వెనక నుంచి పోయే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే లెక్క, మనిషికి జ్వరం చూసినట్టు, పెరిగిందంటే లోపలేదో అరిగిందన్నమాట అని చెప్పాడు. ఎన్ వన్ అంటే ముందున్న పెద్ద ఫ్యాను తిరిగే వేగం. ఐడీజీ అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తీసేది. ఫాడెక్ అంటే ఇంజిన్‌కు ఎంత ఇంధనం పోవాలో తేల్చే కంప్యూటరు. "పైలటు ఎంతైనా అడగనీ, ఎంత వడ్డించాలో తేల్చేది అత్తగారే" అన్నాడట దాని గురించి. వదిన అన్నీ రాసుకుంది, అత్తగారి మాట తప్ప.

అలా మొదలైన కాగితం పుస్తకమైంది. ఒక్కో పొడి అక్షరాల ముక్కకూ పూర్తి పేరు, అది ఏం చేస్తుందో రెండు ముక్కలు, ఆ పేరుతో కార్డులో పని వస్తే మెకానిక్కు ఏమేం చేయాలో వరసగా. మొత్తం నాలుగు వందల పన్నెండు ముక్కలు. ప్రతి పేజీ కింద కుడివైపు మూల ఆమె సంతకం. కంపెనీ ఇచ్చిన అసలు మాన్యువల్ బీరువా నిండా ఉంది, కానీ దాన్ని తెరిచి చదవాలంటే పూట పడుతుంది. అందుకని పైవాళ్ళు వదిన జాబితానే షెడ్డుకు ఖాయం చేశారు. కార్డు ఒక్క పేజీ దాటకూడదని రూలు పెట్టారు. ఆమె పొడి అక్షరాలు వేసి కార్డు కుదిస్తుంది, అర్థం జాబితాలో ఉంటుంది. ఏటా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి జాబితా మీద స్టాంపు వేసి, టీ తాగి వెళతాడు. చదివాడని నేననుకోను.

చదివిన వాళ్ళు అసలు లేరు. జాబితా కాపీ ఒకటి షెడ్డు గోడకు మేకుకు వేలాడుతుండేది. దాన్ని ఈగలు తోలడానికి వాడటం చూశాను. టీ గ్లాసు కింద పెట్టడం చూశాను. మెకానిక్కులకు పని చేతుల్లో ఉంటుంది, కాగితంలో కాదు. వదినకు అదే బాధ. ఇంత కష్టపడి రాస్తే ఒక్కడూ తిరగేయడు, ఏదో ఒక రోజు కొంప ముంచుతారు అని ఇంట్లో గొణిగేది. నేను ఏడిపించేవాణ్ణి. వదినా, నీ పుస్తకం చదవాలంటే ముందు దానికి పొడి అక్షరాల పేరు పెట్టు అనేవాణ్ణి.

మూడు నెలల కిందట కొత్తమ్మాయి చేరింది. చదువు ముగించి లైసెన్సు తెచ్చుకుని నేరుగా మా షెడ్డుకే వచ్చింది, సన్నగా, మాటకు ముందు తల ఊపుతూ. మొదటి వారమే వదిన దగ్గరకొచ్చి జాబితాకు ఒక కాపీ అడిగింది. వదిన అది రెండుసార్లు చెప్పించుకుంది, తప్పు విన్నానేమోనని. ఆ అమ్మాయి దాన్ని బస్సులో చదివింది, క్యాంటీన్‌లో చదివింది, చివరికి కంఠస్థం పట్టింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ కూర్చునేవాళ్ళు. వదిన మూడక్షరాలు అనేది, ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని అర్థం అప్పజెప్పేది. "ఇన్నేళ్ళకు చదివే మనిషి దొరికింది. ఇక నేను కాస్త నిశ్చింతగా ఉంటాను" అంది వదిన ఒక రోజు భోజనాల దగ్గర. ఆమె నోట నిశ్చింత అన్న మాట వినడం నాకదే మొదలు.

ఆ రోజు సంగతి చెబుతాను. పొద్దున్నే ఒక విమానం వచ్చింది, రెండు ఇంజిన్లది. సాయంత్రం నాలుగుంపావుకు నిండుగా జనంతో బయలుదేరాలి. మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఒకే రోజు రెండు ఇంజిన్లనూ ఒకే చెయ్యి ముట్టకూడదు. ఒకడు చేసిన పొరపాటు రెండింటికీ పాకకూడదని. అందుకని ఎడమ ఇంజిన్ పెద్దాయనకు, కుడిది కొత్తమ్మాయికి ఇచ్చారు. కార్డు ఇద్దరికీ ఒకటే, వదిన టైపు చేసిందే. అందులో ఆరో గడిలో ఉన్నది రెండే మాటలు, ఎమ్‌సీడీ చెక్. ఆ పని కొత్తమ్మాయి వంతుకు రావడం అదే మొదలు.

ఎమ్‌సీడీ అంటే చిన్న బిరడా. చివర అయస్కాంతం ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌లో ఇనుప రజను తేలుతుంటే అది పట్టుకుంటుంది, దాన్ని బట్టి లోపలేదైనా అరుగుతోందేమో తెలుస్తుంది. బిరడా మెడకు గాజులాగా సన్నటి రబ్బరు రింగు చుట్టుకుని ఉంటుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఆ రింగే. వేడికి అది అణిగిపోతుంది కాబట్టి బిరడా తీసిన ప్రతిసారీ పాత రింగు పారేసి కొత్తది వేయాలి. దానికి మా స్టోర్సులో ఒక పద్ధతి. పాత రింగు తెచ్చి ఇస్తేనే కొత్తది ఇస్తాను. పాతదాన్ని తెచ్చినవాళ్ళ ముందే కత్తెరతో రెండు ముక్కలు చేసి డబ్బాలో వేస్తాను, పొరపాటున మళ్ళీ ఎవరూ వాడకుండా. డబ్బా రోజూ పొద్దున ఖాళీ చేస్తాను.

ఒంటి గంటకు షిఫ్టు మారింది. పెద్దాయన ఇంటికి పోయాడు, కొత్తమ్మాయి కూడా బస్సెక్కింది. డ్యూటీ ఇంజినీరు రెండు ఇంజిన్లనూ కాసేపు తిప్పి చూసి, సంతకం చేసి, విమానాన్ని షెడ్డు బయటికి పంపించాడు. మూడుకు పది నిమిషాలుండగా నేను ఏదో ఫారం మీద స్టాంపు కోసం వదిన గదికి వెళ్ళాను. ఊరికే ఉండలేక, ఆమెను సంతోషపెడదామని, నీ శిష్యురాలు గట్టి మనిషి వదినా అన్నాను. మిగతా కొత్తవాళ్ళు రోజుకు పదిసార్లు తప్పు బోల్టు కోసం కౌంటరు దగ్గరికొస్తారు, ఈ అమ్మాయి ఈ రోజంతా ఒక్కసారి కూడా రాలేదు అన్నాను.

వదిన టైపు చేస్తున్న చేతులు ఆగాయి.

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"మరి రింగు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. వదిన సొరుగులోంచి జాబితా తీసింది. వేలు పెట్టి చదివింది, పైకే. మాగ్నెటిక్ చిప్ డిటెక్టర్. ఆయిల్‌లో లోహపు రజను పట్టుకునే బిరడా. చెక్ అంటే, బిరడా తిప్పి బయటికి తీయాలి. రజను ఉందేమో చూడాలి. శుభ్రమైన గుడ్డతో తుడవాలి. తిరిగి పెట్టి లాక్ పడేదాకా తిప్పాలి. లాక్ పడిందో లేదో చేత్తో లాగి చూడాలి. అక్కడితో అయిపోయింది. ఆమె పేజీ తిప్పి అవతల చూసింది, మళ్ళీ ఇవతల చూసింది. రింగు మాట ఎక్కడా లేదు.

నాకు తెలుసు, ఆ చివరి వాక్యం ఆమెదే. లాగి చూడమని పెద్దాయన చెప్పి ఉండడు, ఈమె తన భయం కొద్దీ కలిపి ఉంటుంది. తన భయం ఎక్కడుందో అక్కడ రాసుకుంది, పెద్దాయన ఏది చెప్పలేదో అది వదిలేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గుంత అలాగే ఉంది. షెడ్డులో ప్రతి మెకానిక్కూ జాబితా చూడకుండా అలవాటు కొద్దీ నా కౌంటరుకొచ్చి రింగు తీసుకుపోయాడు కాబట్టి ఎవరూ అందులో పడలేదు.

స్టోర్సుకు వచ్చాం. డబ్బా బల్ల మీద బోర్లించాను. ఆ రోజు ముక్కలన్నీ రాలాయి, లావువీ సన్నవీ. ఎమ్‌సీడీ రింగు ఆకుపచ్చగా ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం కాదు. వదిన ఒక్కో ముక్కా వేలితో పక్కకు జరిపింది. ఆకుపచ్చవి రెండే దొరికాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది, కత్తెర పడ్డ చోటు కలిసింది. రెండు ముక్కలు, ఒక్క రింగు. అది పెద్దాయన ఇచ్చింది, నేనే కోశాను. కుడి ఇంజిన్‌ది రావాల్సి ఉంది, రాలేదు.

వదిన కొత్తమ్మాయికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. గోడ మీది గడియారం మూడూ ఐదు చూపిస్తోంది.

ఇక్కడ నేనన్న మాట దాచుకోవాలనే ఉంది, కానీ చెబుతాను. కంగారు పడకు వదినా అన్నాను. పాత రింగే వేసి ఉన్నా నూటికి తొంభైసార్లు ఏమీ కాదు, ఇంజిన్ తిప్పి చూశారు, చుక్క కారలేదు. పైగా ఆ అమ్మాయి ఇంకెక్కడో రింగు సంపాదించి ఉండొచ్చు. ఇప్పుడు నువ్వు వెళ్ళి నోరు తెరిస్తే విమానం ఆగుతుంది, తప్పు నీ జాబితాదని తేలుతుంది, కింద సంతకం నీది. పిల్లి మెడలో గంట నువ్వే ఎందుకు కట్టాలి? రేపు విమానం తిరిగొచ్చాక మెల్లగా మార్పిద్దాం అన్నాను. నాకు విమానం కంటే వదిన ఉద్యోగమే ముందు కనబడింది. కౌంటరు దగ్గర కూర్చుని ఆ రోజు ఒక్క ఆకుపచ్చ రింగే ఇచ్చిన వాణ్ణి నేనే కదా, రెండోది ఏదని ఎందుకడగలేదని నన్నూ అడుగుతారని కూడా లోపల ఉంది.

వదిన నా వంక చూడలేదు. పెద్దాయన నంబరు కలిపి స్పీకర్ పెట్టింది. ఆయన నిద్ర గొంతుతో ఎత్తాడు.

"బాబాయ్, పొద్దున ఆ అమ్మాయికి మీరేమైనా రింగు ఇచ్చారా? ఎమ్‌సీడీది."

"నేనెందుకిస్తానమ్మా? తనే తెచ్చుకుని ఉంటుంది."

"తెచ్చుకోలేదు బాబాయ్. జాబితాలో లేదు. మీరు నాకు చెప్పినప్పుడు రింగు మాట చెప్పలేదు."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నట్టు వినిపించింది.

"రింగు సంగతి వేరే చెప్పాలా? ఊపిరి తీసుకోమని ఎవరికైనా చెప్తామా?" అన్నాడు. తరువాత గొంతు మారింది. "ఎన్నింటికి ఆ బండి?"

"నాలుగుంపావుకి."

"ఆపించు."

వదిన జాబితా చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. నేను వెనక పడ్డాను. విమానం నిలబడ్డ చోటికి వెళ్ళాలంటే షెడ్డంతా దాటి, గీతలు గీసిన బాట మీద అవతలి గేటు దాకా పోవాలి. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ గేటు దాటలేదు. ఆ మోతంటే భయం, ఆ రెక్కలంటే భయం. నాలుగు వందల పన్నెండింటికి అర్థాలు రాసిన మనిషి ఒక్క ఇంజిన్‌నూ దగ్గర నుంచి చూడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చెవులకు మూతలిచ్చాడు. అవి తగిలించుకోవడం ఆమెకు రాలేదు, నేను తగిలించాను. ఆమె చెవులు చల్లగా ఉన్నాయి.

జనం అప్పటికే ఎక్కుతున్నారు. మెట్ల మీద ఒకావిడ బిడ్డను భుజాన వేసుకుని సంచీ ఈడ్చుకుంటూ పోతోంది. వదిన అటు చూసి చూపు తిప్పేసుకుంది. డ్యూటీ ఇంజినీరు విమానం ముందు చక్రం దగ్గర లాగ్ పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోపిష్టి మనిషి, ఆలస్యం అన్న మాట వింటే ఒంటి మీద తేళ్ళు పాకినట్టు చేస్తాడు. వదిన చెప్పింది. మోతలో సగం వినిపించలేదు, మళ్ళీ చెప్పించుకున్నాడు.

"నేను తిప్పి చూశానమ్మా. చుక్క కారలేదు. మీరు కార్డులు రాసుకునే వాళ్ళు, మీకెందుకిదంతా?"

"కార్డు నాది కాబట్టే వచ్చాను సార్. ఒక్కసారి విప్పి చూడండి."

"విప్పితే గంట. పైవాళ్ళు అడుగుతారు, నేను ఉట్టి మాట మీద ఆపలేను. లాగ్‌లో రాసి సంతకం పెట్టండి. రాస్తారా?"

ఆయన అలా అన్నది ఆమె వెనక్కి పోతుందనే. లాగ్‌లో రాసిన మాట చెరపడానికి లేదు. ఆ కాగితం ఉన్నంత కాలం అందులో ఆమె పేరు ఉంటుంది. వదిన పుస్తకం అందుకుంది. నా వీపు మీద పెట్టి రాసింది. నా వీపుకు కలం మొన ఒక్కో అక్షరంగా తెలిసింది. అది ఎంతకీ అయిపోలేదు. లాగ్‌లో మామూలుగా నాలుగు పొడి అక్షరాలు కొట్టి ముగిస్తారు. తరువాత చూశాను, ఆమె ఒక్క పొడి అక్షరం కూడా వాడలేదు. కుడివైపు ఇంజిన్‌లో ఆయిల్‌లోని లోహపు రజను పట్టుకునే అయస్కాంతపు బిరడాకు ఈ రోజు కొత్త రబ్బరు రింగు వేయలేదని అనుమానం. కారణం, నేను తయారు చేసిన జాబితాలో వేయమని లేదు. దాని కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ఇంజినీరు చదివాడు. మెట్ల వైపు చెయ్యెత్తి ఎక్కేవాళ్ళను ఆపమన్నాడు.

ఇంజిన్ మూత తీశారు. వదిన పది అడుగుల దూరంలో జాబితాను గుండెకు హత్తుకుని నిలబడింది. నా మటుకు నేను ఆ క్షణంలో ఏం కోరుకున్నానో చెప్పలేను. రింగు కొత్తదైతే వదిన నవ్వులపాలవుతుంది, పాతదైతే ఇంకా పెద్ద గొడవ. ఇంజినీరు చెయ్యి లోపలికి పెట్టి బిరడా తిప్పాడు, బయటికి తీశాడు, టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. తరువాత వదినను రమ్మని తల ఊపాడు.

రింగు పాతదే. ఒక పక్క అణిగి, రిబ్బను లాగా పలచనైపోయి ఉంది. అణిగిన చోట గోటితో గీరినంత చీలిక. బిరడా మెడ కింద ఆయిల్ వెంట్రుక మందాన తడిగా పాకి ఉంది. కాసేపు కింద తిప్పి చూసిన దానికే అంత. మూడు గంటలు గాలిలో, పూర్తి వేడిలో తిరిగితే ఎంత పాకేదో ఎవరూ పైకి అనలేదు. వదిన ఎమ్‌సీడీని మొదటిసారి చూసింది అప్పుడే. "ఇంత చిన్నదా?" అంది.

నేను పరుగున వెళ్ళి కొత్త రింగు తెచ్చాను. పాతది కోయబోతే ఇంజినీరు ఆపాడు. అది విచారణకు కావాలని ప్లాస్టిక్ సంచిలో వేసి జేబులో పెట్టుకున్నాడు. కోయకుండా బయటికి పోయిన రింగు నా సర్వీసులో అదొక్కటే. విమానం ఐదున్నరకు లేచింది. అది కనబడకుండా పోయేదాకా వదిన గేటు దగ్గరే నిలబడింది, ఆ తరువాత గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే తాగకుండా గ్లాసు పట్టుకునే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని విమానాలు లేచి ఉంటాయో నువ్వు లెక్క కట్టగలవా అని అడిగింది. ఎందుకన్నాను. ఊరికే అంది.

మర్నాడు పొద్దున విచారణ పెట్టారు. కొత్తమ్మాయికి సంగతి గేటు దగ్గరే తెలిసింది. ఫోన్ ముందు రోజే పాడైందట, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదట. నేరుగా వదిన గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కళ్ళు వాచి ఉన్నాయి, కానీ ఏడవడం లేదు. చేతిలో జాబితా కాపీ ఉంది, అంచులు నలిగి, ప్రతి ముక్క పక్కనా పెన్సిలుతో టిక్కులు. ఎమ్‌సీడీ పేజీ తీసి బల్ల మీద పెట్టింది.

"నేనేం వదిలేశానక్కా? తీశాను. చూశాను. తుడిచాను. పెట్టాను. లాగి చూశాను. మీరు రాసినవన్నీ చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు."

"నువ్వేం వదల్లేదమ్మా" అంది వదిన. "వదిలేసింది నేను."

విచారణలో కూడా అదే మాట చెబుతానంది. చెప్పింది కూడా. దాని వల్ల ఆమెకు ఏం జరిగిందన్నది వేరే సంగతి. కానీ ఆ గదిలో ఆమె అనుకున్నది, ఆ మాటతో పిల్లకు ధైర్యం వస్తుందని, ముఖం తేలికపడుతుందని. నేనూ అలాగే అనుకున్నాను. ఆ అమ్మాయి తల ఊపింది, ఎప్పటిలాగే. జాబితా వెనక్కి తీసుకోబోయి ఆగింది. పేజీలు బొటనవేలితో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వదిలింది. అన్ని టిక్కులూ కళ్ళ ముందు నుంచి పోయాయి.

"మిగతా నాలుగు వందల పదకొండింట్లో ఏమేం లేవక్కా?" అని అడిగింది.

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. మూడు నెలలుగా ఆ అమ్మాయి చేసిన పనులన్నీ ఆ పుస్తకం చూసే చేసింది. గోడవతల ఏదో ఇంజిన్ మొదలైంది, కిటికీ అద్దాలు అదిరాయి. ముగ్గురమూ అటే చూశాం.

ఆ మరుసటి రోజు పొద్దున వదిన నేను నిద్ర లేవకముందే వెళ్ళిపోయింది. పెద్దాయన సెలవు పెట్టి మరీ వస్తానన్నాడట, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే వాళ్ళిద్దరి ముందు చేత్తో చేసి చూపిస్తాడట, కొత్తమ్మాయి చూసి చెబితే వదిన రాసుకుంటుందట. మామూలు వేళకు నా ఫోన్ మోగుతుందని చూశాను. మోగలేదు. గ్యాస్ గురించి ఎవరూ అడగలేదు. కాసేపు అలాగే పడుకున్నాను. తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళి, చేత్తో తిప్పి చూశాను.